మలేరియా పరాన్నజీవి ఎల్‌డీహెచ్ ఎంజైమ్‌ను ఈ.కోలై బ్యాక్టీరియాలో తయారుచేసుకోవడం: జన్యువు నుంచి ఐసీ50 (ఎంజైమ్ వేగాన్ని సగానికి తగ్గించే గాఢత) దాకా

ఎర్ర రక్తకణంలో ఉన్నంతకాలం మలేరియా పరాన్నజీవి ప్లాస్మోడియమ్ ఫాల్సిపారమ్ బతుకంతా గ్లూకోజ్ మీదే. గ్లూకోజ్‌ను పైరువేట్ దాకా విరగ్గొట్టేటప్పుడు, ఎలక్ట్రాన్లు మోసే అణువైన ఎన్ఏడీ ఖర్చయిపోయి ఎన్ఏడీహెచ్‌గా మారుతుంది. దాన్ని మళ్లీ ఎన్ఏడీగా తిప్పకపోతే ఈ గ్లూకోజ్ విరుపు, అంటే గ్లైకాలిసిస్, ఆగిపోతుంది. పైరువేట్‌ను లాక్టేట్‌గా మారుస్తూ ఆ పని చేసేది లాక్టేట్ డీహైడ్రోజినేజ్, అంటే ఎల్‌డీహెచ్. మందుకు లక్ష్యంగా దీనిమీద కన్ను పడటానికి కారణం అదే. ఆశా కార్యకర్తలు వాడే మలేరియా పరీక్ష పట్టీల్లో కొన్ని పట్టుకునేది కూడా ఈ ఎంజైమ్‌నే.

మనిషిలోనూ ఎల్‌డీహెచ్ ఉంది కదా అనే ప్రశ్న న్యాయమైనదే. పరాన్నజీవి ఎంజైమ్‌లో క్రియాస్థానం మీద మూతలా వాలే లూప్‌లో 5 అమైనో ఆమ్లాలు అదనంగా ఉంటాయి. పైరువేట్ ఎక్కువైతే మనిషి గుండె రకం ఎంజైమ్ మందగిస్తుంది, ఇది పెద్దగా మందగించదు. ఎన్ఏడీకి బదులు 3-అసిటైల్‌పిరిడిన్ రకం, అంటే ఏపీఏడీ, ఇస్తే మనిషి ఎంజైమ్ బద్ధకిస్తుంది, ఇది చురుగ్గా వాడేసుకుంటుంది. ఈ తేడాల మీదే ఆశ. దీన్ని అడ్డుకోవడమే పనిగా తయారైన మందు ఇంకా ఏదీ వాడుకలోకి రాలేదు కాబట్టి ఆశను ఆశగానే ఉంచుకుని పని మొదలుపెట్టాలి. అయినా కొత్తగా ఈ రంగంలోకి వచ్చేవాళ్లకు ఇంతకంటే మంచి ఎంజైమ్ దొరకడం కష్టం. ఇది కరిగే స్వభావమున్న ప్రోటీన్, దీనికి లోహం అక్కర్లేదు, పరీక్షకు మామూలు స్పెక్ట్రోఫోటోమీటర్ చాలు.

ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి విడదీసే జెల్ మీద మందమైన గీత కనబడగానే ఎంజైమ్ వచ్చేసిందనుకోవడం ఈ పనిలో అందరూ చేసే పొరపాటు. గీత చెప్పేది ప్రోటీన్ ఉందని మాత్రమే. అది పనిచేస్తోందా, పనిచేస్తున్నది అదేనా, లేక ఈ.కోలై సొంత సరుకా అన్నది యూనిట్లు (ఒక యూనిట్ అంటే నిమిషానికి ఒక మైక్రోమోల్‌ను మార్చే శక్తి) కొలిస్తేనే తెలుస్తుంది. కాబట్టి లైసేట్ (కణాలను పగలగొట్టగా వచ్చే ద్రవం) నుంచి చివరి గొట్టం దాకా ప్రతి మెట్టులో 50 మైక్రోలీటర్లు పక్కన పెట్టుకోండి.

జన్యువు, ప్లాస్మిడ్

ఫాల్సిపారమ్ జీనోమ్‌లో 80 శాతం దాకా ఏ, టీ బేస్‌లే. ఏజీఏ, ఏజీజీ, ఏయూఏ వంటి కోడాన్లు (ఒక్కో అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాల గుర్తులు) అడుగడుగునా వస్తాయి, ఈ.కోలైలో వాటికి తగిన, అమైనో ఆమ్లాలు మోసుకొచ్చే టీఆర్‌ఎన్‌ఏలు తక్కువ. ప్రోటీన్ అల్లే రైబోజోమ్ మధ్యలో ఆగిపోయి పొట్టి ముక్కలు పుడతాయి. దీనికి రెండు దారులున్నాయి. అసలు జన్యువునే వాడుతూ అరుదైన టీఆర్‌ఎన్‌ఏలు అందించే రోజెట్టా స్ట్రెయిన్‌లో పెంచవచ్చు (అప్పుడు, ప్లాస్మిడ్ ఉన్న కణాలనే మిగిల్చే యాంటీబయాటిక్ కనమైసిన్‌తో పాటు క్లోరాంఫెనికాల్ 34 మైక్రోగ్రా./మి.లీ. కూడా వేయాలి). లేదా ఈ.కోలైకి తగ్గట్టు కోడాన్లు మార్చిన జన్యువును సంశ్లేషణ చేయించుకుని మామూలు బీఎల్21(డీఈ3) స్ట్రెయిన్‌లో పెంచవచ్చు. రెండోదే మేలు. ప్రోటీన్ పొడవు 316 అమైనో ఆమ్లాలు, స్టాప్‌తో కలిపి జన్యువు 951 బేస్‌లు. ఈమాత్రం జన్యువును ఆర్డర్ చేయడానికి అయ్యే ఖర్చు, పీసీఆర్‌తో కుస్తీ పట్టే నెలరోజుల కంటే తక్కువ.

వెక్టర్, అంటే జన్యువును కణంలోకి మోసే ప్లాస్మిడ్ (గుండ్రటి చిన్న డీఎన్ఏ), పెట్-28ఏ. ఎన్‌డీఈ1, ఎక్స్‌హెచ్ఓ1 అనే కత్తిరింపు ఎంజైమ్‌ల కోతల మధ్య పెట్టించండి. ఎన్‌డీఈ1 గుర్తించే వరుసలోని ఏటీజీయే ఎల్‌డీహెచ్ భాగానికి మొదటి మెథియోనిన్ అవుతుంది, ఇంకో ఏటీజీ చేర్చనక్కర్లేదు. జన్యువు లోపల ఈ రెండు కోతలూ ఉండకూడదని ఆర్డర్‌లో రాయండి. ముందు భాగాన, తర్వాత నికెల్ కాలమ్‌కు అంటుకునేలా, 6 హిస్టిడిన్‌ల తోక, దాని వెనక ఆ తోకను తీసేయడానికి త్రాంబిన్ ఎంజైమ్ కోసే చోటు వస్తాయి. తోకతో కలిపి ఒక్కో ఉపభాగం సుమారు 36 కిలోడాల్టన్లు, నాలుగు కలిసిన అసలు రూపం 145 దగ్గర. చివర స్టాప్ కోడాన్ పెట్టించడం మరిచిపోతే వెక్టర్‌లోని రెండో హిస్టిడిన్ తోక కూడా చేరిపోతుంది.

ప్లాస్మిడ్ ఎండిన రూపంలో వస్తుంది. మూత తీసే ముందు ఒక నిమిషం సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి, లేకపోతే మూతకు అంటుకున్న పొడి గాలికి పోతుంది. భారతదేశంలోనైతే పని మొదలయ్యే ముందే సంస్థ బయోసేఫ్టీ కమిటీకి సమాచారం ఇచ్చి, అవసరమైన అనుమతి తీసుకోవాలి. ఇక్కడ ఉన్నది ఒక జన్యువే కానీ పరాన్నజీవి కాదు కాబట్టి ప్రమాదం తక్కువే, అయినా కాగితం ఉండాల్సిందే.

కణాలు పెంచడం

50 మైక్రోలీటర్ల కాంపిటెంట్ (బయటి డీఎన్ఏను లోపలికి తీసుకోగల) కణాలకు 10–50 నానోగ్రాముల ప్లాస్మిడ్ కలిపి మంచులో 30 నిమిషాలు, 42 డిగ్రీల్లో 45 సెకన్లు, మళ్లీ మంచులో 2 నిమిషాలు. 450 మైక్రోలీటర్ల ఎస్‌ఓసీ (కణాలు తేరుకునే పోషక ద్రవం) వేసి 37 డిగ్రీల్లో గంట తిప్పి, కనమైసిన్ 50 మైక్రోగ్రా./మి.లీ. ఉన్న ప్లేటు మీద పరచాలి. మరుసటి రోజు కాలనీనే వాడండి. ఫ్రిజ్‌లో మూడు వారాలు పడున్న ప్లేటు నుంచి తీస్తే, ప్రోటీన్ చేయడం మానేసిన కణాలే ముందు పెరిగే ప్రమాదముంది.

10 మి.లీ. ఎల్‌బీ పోషక ద్రవంలో కనమైసిన్, 1 శాతం గ్లూకోజ్ వేసి రాత్రంతా పెంచండి. ప్రోటీన్ తయారీని మొదలుపెట్టించే ఐపీటీజీ వేయకముందే ప్రోటీన్ కారిపోకుండా గ్లూకోజ్ ఆపుతుంది. పొద్దున దాన్ని 1 లీటరు ఎల్‌బీలోకి మార్చాలి. ఆ లీటరును ఒకే ఫ్లాస్కులో మెడ దాకా నింపొద్దు, రెండు లీటర్ల ఫ్లాస్కులు రెండు తీసుకుని చెరో 500 మి.లీ. పోయండి. గాలి అందని కల్చర్ ఓడీ (కణాల సాంద్రతను చెప్పే కాంతి కొలత) 1 దగ్గరే కూలబడుతుంది.

37 డిగ్రీల్లో, 180 ఆర్‌పీఎమ్‌లో ఓడీ 600 విలువ 0.6–0.8కి చేరగానే ఫ్లాస్కులను 15–20 నిమిషాలు మంచులో చల్లబరచండి. ఐపీటీజీ వేయకముందు 1 మి.లీ. నమూనా తీసిపెట్టుకుని, తర్వాత 0.2 మిల్లీమోలార్ ఐపీటీజీ వేసి, 18 డిగ్రీల్లో 16–18 గంటలు తిప్పాలి. 37 డిగ్రీల్లో 1 మిల్లీమోలార్ ఐపీటీజీతో నాలుగు గంటల్లో ముగిద్దామంటే ప్రోటీన్ ఎక్కువే వస్తుంది, కానీ అందులో చాలా భాగం మడత పడక అడుగున గడ్డకడుతుంది. షేకర్‌కు చల్లబరిచే ఏర్పాటు లేకపోతే మే నెలలో మన దగ్గర 18 డిగ్రీలన్నది కాగితం మీది మాటే. అప్పుడు ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర 5–6 గంటలు పెట్టుకోవడం నయం. రాత్రి కరెంటు పోయి వస్తే కొన్ని షేకర్లు తిరిగి వాటంతట అవే మొదలవవు. జనరేటర్ లైన్‌కు కలిపిన ప్లగ్గు ఏదో ముందే కనుక్కోండి.

5,000 జీలో 15 నిమిషాలు, 4 డిగ్రీల్లో తిప్పి కణాలను దించండి. లీటరుకు 3–5 గ్రాముల తడి పెల్లెట్ రావాలి. ఆ రోజు వాడకపోతే మైనస్ 80లో పెట్టవచ్చు.

పగలగొట్టడం

లైసిస్ బఫర్: సోడియం ఫాస్ఫేట్ 50 మిల్లీమోలార్ (పీహెచ్ 8.0), ఉప్పు 300 మిల్లీమోలార్, ఇమిడజోల్ 10 మిల్లీమోలార్, గ్లిసరాల్ 10 శాతం, బీటా-మెర్కాప్టోఇథనాల్ 2 మిల్లీమోలార్. గ్రాము పెల్లెట్‌కు 7–8 మి.లీ. చొప్పున పోయండి. లైసోజైమ్ 0.5 మి.గ్రా./మి.లీ., చిటికెడు డీఎన్ఏజ్ వేసి మంచులో 30 నిమిషాలు ఉంచండి. ప్రోటీన్లను కోసే ఎంజైమ్‌లను ఆపే పీఎంఎస్ఎఫ్ 1 మిల్లీమోలార్‌ను, ధ్వని తరంగాలతో కణాలను పగలగొట్టే సోనికేషన్‌కు సరిగ్గా ముందు వేయాలి. ఐసోప్రొపనాల్‌లో కరిగించిన స్టాక్ నిలవుంటుంది గానీ, పీహెచ్ 8 నీళ్లలో పడ్డాక గంటసేపు కూడా నమ్మలేం. ఇది విషం కూడా, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. లోహాలను పట్టుకునే ఈడీటీఏ ఉన్న ప్రోటియేజ్ ఇన్హిబిటర్ బిళ్లలు వాడొద్దు, కాలమ్ మీది నికెల్‌ను అది ఊడదీస్తుంది. సల్ఫర్ బంధాలను విడగొట్టే డీటీటీ ఎక్కువైతే కాలమ్‌లోని రెజిన్ గోధుమరంగుకు తిరుగుతుంది. నీలం పోయి తెల్లబడితే ఈడీటీఏ పని, గోధుమ రంగైతే డీటీటీ పని అని గుర్తు.

సోనికేటర్ 5 సెకన్లు నడపాలి, 10 సెకన్లు ఆపాలి, నడిచిన కాలం మొత్తం 5 నిమిషాలు. బీకరు ఎప్పుడూ మంచులోనే ఉండాలి. మొన అంచు ద్రవం పైకి వస్తే నురగ లేస్తుంది, నురగలో ప్రోటీన్ పాడవుతుంది. చిక్కగా తీగలు సాగే ద్రవం నీళ్లలా పలచబడితే సరిపోయినట్టు. 20,000 జీలో 40 నిమిషాలు తిప్పి, పై తేటను 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టండి. కింద మిగిలిన పెల్లెట్‌ను పారేయకండి, జెల్ మీద పైతేట పక్కనే దాన్నీ ఎక్కించాలి. ప్రోటీన్ కరిగిందా, గడ్డకట్టిందా అన్నది అక్కడే తేలుతుంది.

నికెల్ కాలమ్

లీటరు కల్చర్‌కు 1 మి.లీ. నికెల్-ఎన్‌టీఏ రెజిన్ (సగం ద్రవంగా వచ్చే ముద్దలో 2 మి.లీ.) చాలు. ఎక్కువ వేస్తే మంచిదనుకోవద్దు. ఖాళీగా మిగిలిన నికెల్ మీద ఈ.కోలై సొంత ప్రోటీన్లు కూర్చుంటాయి. వాటిలో ఎస్‌ఎల్‌వైడీ జెల్ మీద 25–28 కిలోడాల్టన్ల దగ్గర, ఏఆర్‌ఎన్‌ఏ అనేది 74 దగ్గర కనిపిస్తాయి. రెండోది పేరుకే ఆర్‌ఎన్‌ఏ, నిజానికి ప్రోటీనే.

లైసిస్ బఫర్‌తో తడిపిన రెజిన్‌ను తేటతో కలిపి 4 డిగ్రీల్లో 45 నిమిషాలు మెల్లగా తిప్పండి. కాలమ్‌లోకి పోసి, 20 మిల్లీమోలార్ ఇమిడజోల్ బఫర్ 20 మి.లీ., తర్వాత 40 మిల్లీమోలార్‌ది 5 మి.లీ. పోసి కడగండి. తోక స్థానాన్ని ఆక్రమించి ప్రోటీన్‌ను విడిపించే 250 మిల్లీమోలార్ ఇమిడజోల్‌తో 1 మి.లీ. చొప్పున ఆరు గొట్టాల్లోకి దించండి. ప్రతి గొట్టం నుంచి 5 మైక్రోలీటర్లను ప్రోటీన్ ఉంటే నీలంగా మారే 200 మైక్రోలీటర్ల బ్రాడ్‌ఫోర్డ్ ద్రవంలో వేస్తే నీలం ఎక్కడ ముదిరిందో వెంటనే తెలుస్తుంది. సాధారణంగా రెండు, మూడు గొట్టాల్లోనే సరుకంతా ఉంటుంది.

ఇమిడజోల్‌ను అదే రోజు వదిలించుకోండి. అది 280 నానోమీటర్ల దగ్గర ప్రోటీన్ కొలతను చెడగొడుతుంది, ఎక్కువసేపు ఉంటే ప్రోటీన్ తెల్లగా విరిగి పేరుకుంటుంది. మార్పిడి బఫర్: హెపీస్ 20 మిల్లీమోలార్ (పీహెచ్ 7.5), ఉప్పు 150, డీటీటీ 1 మిల్లీమోలార్. డయాలిసిస్ చేసినా, డీసాల్టింగ్ కాలమ్ వాడినా ఫర్వాలేదు. క్రిస్టల్ కోసమో, బైండింగ్ కొలతల కోసమో అయితే అణువులను పరిమాణాన్ని బట్టి విడదీసే సూపర్‌డెక్స్ 200 కాలమ్ మీద నడపడం తప్పనిసరి. శిఖరం 145 కిలోడాల్టన్ల చోట రావాలి. కాలమ్ మొదట్లోనే బయటికొచ్చే భాగం గుంపుకట్టిన ప్రోటీన్, దాన్ని నిర్దయగా వదిలేయండి.

260, 280 నానోమీటర్ల దగ్గరి శోషణల నిష్పత్తి (260/280) 0.6 దగ్గర ఉండాలి. 1కి చేరితే డీఎన్ఏ గానీ, ఎంజైమ్‌ను వదలని కోఎంజైమ్ గానీ వెంట వచ్చినట్టు. గాఢత లెక్కకు తోకతో సహా మీ వరుస నుంచి లెక్కగట్టిన ఎక్స్‌టింక్షన్ విలువనే (కాంతిని ఎంత పీల్చుకుంటుందో చెప్పే సంఖ్య) వాడండి. లీటరుకు కొన్ని మిల్లీగ్రాములు వచ్చినా చాలు, ఒక్కో పరీక్షకు కావలసింది మైక్రోగ్రాములో పదో వంతే.

పనిచేస్తోందా?

క్యూవెట్‌లో 1 మి.లీ.: ట్రిస్ 100 మిల్లీమోలార్ (పీహెచ్ 7.5), ఎన్ఏడీహెచ్ 0.2 మిల్లీమోలార్, సోడియం పైరువేట్ 1 మిల్లీమోలార్, 25 డిగ్రీలు. ఎంజైమ్ చివర్న వేసి 340 నానోమీటర్ల దగ్గర శోషణ ఎంత వేగంగా తగ్గుతోందో ఒక నిమిషం చూడండి. మొదటి రీడింగ్ 1.2కు కాస్త పైన ఉండాలి. అంతకు బాగా తక్కువైతే ఎన్ఏడీహెచ్ పాతబడింది. దాన్ని కాస్త క్షారగుణమున్న పలచని ట్రిస్‌లో రోజుకు రోజు కలుపుకోవాలి, ఆమ్లంలో అది నిలవదు. పైరువేట్ ద్రావణమూ అంతే, నిలవుంటే అణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి.

లెక్క ఇలా. 1 మి.గ్రా./మి.లీ. ఎంజైమ్‌ను వంద రెట్లు పలచన చేసి 10 మైక్రోలీటర్లు వేశారనుకోండి, అంటే 0.1 మైక్రోగ్రాము. నిమిషానికి శోషణ 0.0622 తగ్గితే, ఎన్ఏడీహెచ్ ఎక్స్‌టింక్షన్ విలువ 6,220తో భాగిస్తే నిమిషానికి 10 మైక్రోమోలార్. 1 మి.లీ.లో అది 0.01 మైక్రోమోల్, అంటే 0.01 యూనిట్. 0.1 మైక్రోగ్రాముకు 0.01 అయితే మిల్లీగ్రాముకు 100 యూనిట్లు. ఎంజైమ్‌ను సగం చేస్తే వేగమూ సగం కావాలి. కాకపోతే ఆ సంఖ్యను నమ్మకండి. పలచన చేసేటప్పుడు బఫర్‌లో బీఎస్ఏ (ఆవు రక్తపు ఆల్బుమిన్ ప్రోటీన్) 0.1 మి.గ్రా./మి.లీ. కలపకపోతే ఎంజైమ్ ప్లాస్టిక్ గోడలకు అంటుకుపోతుంది. పొద్దున చురుగ్గా ఉన్న ఎంజైమ్ మధ్యాహ్నానికి చచ్చిపోయిందన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే.

ఇదే పరీక్షను లైసేట్ మీద చేస్తే మోసపోతారు. ఈ.కోలైలో ఎన్ఏడీహెచ్‌ను ఊరికే తినేసే ఆక్సిడేజ్‌లున్నాయి, పైరువేట్ లేకుండానే శోషణ పడిపోతుంది. పైగా దాని సొంత ఎల్‌డీహెచ్ కూడా పైరువేట్, ఎన్ఏడీహెచ్‌లను వాడుతుంది, కాకపోతే అది చేసేది డీ-లాక్టేట్. మన ఎంజైమ్‌కు కావలసింది ఎల్-లాక్టేట్. అందుకే లైసేట్‌కు వెనక్కి నడిచే పరీక్ష మేలు: ఎల్-లాక్టేట్, ఏపీఏడీ, పీహెచ్ 9 ట్రిస్. సీసా మీద ఎల్- అని ఉందో లేదో చూసి కొనండి, చవగ్గా వచ్చే డీఎల్ మిశ్రమం ఇక్కడ పనికిరాదు. పుట్టిన ఏపీఏడీహెచ్‌ను 363 దగ్గర చూడవచ్చు. లేదా ఎన్‌బీటీ రంగు, దానికి ఎలక్ట్రాన్లు అందించే పీఈఎస్ వేసి ఊదారంగును 650 దగ్గర చదవవచ్చు. 1993లో మలేరియా మందుల పరీక్షకు వాడుకలోకి వచ్చిన పద్ధతి ఈ రెండోదే. ఈ రంగులు వెలుతురుకు పాడవుతాయి, గొట్టానికి అల్యూమినియం ఫాయిల్ చుట్టండి. ఏపీఏడీ లేని వెల్ ఒకటి తప్పక పెట్టండి. ఈ.కోలై పొరల్లో ఉండే మరో ఎల్-లాక్టేట్ ఎంజైమ్‌కు ఎన్ఏడీ అక్కర్లేదు, అది నేరుగా పీఈఎస్‌కు ఎలక్ట్రాన్లు ఇచ్చి రంగు తెప్పించగలదు. ఖాళీ పెట్-28ఏ పెట్టిన కణాల లైసేట్ కూడా పక్కన ఉంటే ఇక ఎవరూ వేలెత్తి చూపలేరు.

నిల్వ

శీతలీకరణ ప్రోటీన్లను ఎలా చెడగొడుతుందో చదవడానికి పరిశోధకులు ఏరికోరి వాడేది కుందేలు కండర ఎల్‌డీహెచ్‌నే. దీన్నిబట్టి ఈ కుటుంబం గడ్డకట్టడాన్ని ఎంత సహిస్తుందో ఊహించుకోండి. 20 శాతం గ్లిసరాల్ కలిపి, గాఢత 1 మి.గ్రా./మి.లీ.కు తగ్గకుండా, 20–50 మైక్రోలీటర్ల చిన్న గొట్టాల్లో పోసి, ద్రవ నైట్రోజన్‌లో ముంచి, మైనస్ 80లో పెట్టండి. ఒకసారి కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించొద్దు. ద్రవ నైట్రోజన్ లేని చోట అమ్మోనియం సల్ఫేట్‌లో అవక్షేపంగా 4 డిగ్రీల్లో ఉంచడం పాత పద్ధతే అయినా మంచిదే. గడ్డకట్టే ముందూ తర్వాతా యూనిట్లు కొలిచి గొట్టం మీద రాయండి.

నిరోధకాలు పరీక్షించేటప్పుడు

96 వెల్‌ల ప్లేటులో 200 మైక్రోలీటర్ల పరీక్ష. సమ్మేళనాలను కరిగించే డీఎంఎస్ఓ 1 శాతం దాటకూడదు, నిరోధకం లేని వెల్‌లలోనూ అంతే డీఎంఎస్ఓ ఉండాలి. ఎంజైమ్, సమ్మేళనం కలిపి 15 నిమిషాలు ఉంచి, ఎన్ఏడీహెచ్, పైరువేట్‌లతో మొదలుపెట్టండి. 20 సెకన్లకోసారి 5 నిమిషాలు చదివి, గీత తిన్నగా ఉన్న భాగాన్నే వాడండి. ఈ వెల్‌లో కాంతి దారి 1 సెంటీమీటరు ఉండదు, సగానికి కాస్త ఎక్కువ ఉంటుంది. దీన్ని సవరించకపోతే క్యూవెట్‌లోని యూనిట్లకు, ప్లేటులోని యూనిట్లకు పొంతన కుదరదు.

సానుకూల కంట్రోల్‌గా (తప్పక పనిచేయాల్సిన తెలిసిన నిరోధకంగా) ఆక్సమేట్ గానీ గాసిపాల్ గానీ పెట్టుకోవచ్చు. గాసిపాల్ పత్తి గింజలో ఉండేదే. ఎన్ఏడీహెచ్ స్థానంలో పోటీపడుతుంది, కానీ దాని ఆల్డిహైడ్ గుంపులు కనబడిన ప్రోటీన్‌నల్లా పట్టుకుంటాయి. కంట్రోల్‌గా పనికొస్తుంది గానీ మందుకు నమూనాగా కాదు.

ఇక తప్పుడు ఫలితాలు. కొన్ని సమ్మేళనాలు నీళ్లలో గుంపుకట్టి ఎంజైమ్‌ను పీల్చేసుకుంటాయి, చూడ్డానికి అద్భుతమైన నిరోధకంలా ఉంటాయి. బఫర్‌లో ట్రైటాన్ ఎక్స్-100 డిటర్జెంట్ ఒక్క 0.01 శాతం వేస్తే వాటిలో చాలావాటి బండారం బయటపడుతుంది. కొన్నిటికి 340 దగ్గర సొంత శోషణ ఉంటుంది, ఎంజైమ్ లేని వెల్‌లో సమ్మేళనాన్ని ఒంటరిగా చదవాలి. ఎన్ఏడీహెచ్ ఎక్కువగా పోస్తే దానితో పోటీపడే నిరోధకాలు కనబడకుండా పోతాయి, కాబట్టి ముందు కేఎం (ఎంజైమ్ వేగం గరిష్ఠంలో సగానికి చేరే గాఢత) కొలుచుకోండి. కేఎం దగ్గరి గాఢతలో 340 శోషణ మరీ చిన్నదైతే, ఎన్ఏడీహెచ్ ఫ్లోరోసెన్స్‌ను 340లో వెలిగించి 460లో చదవండి.

ఇన్ని జల్లెడలు దాటిన సమ్మేళనాన్ని అదే రోజు, అదే ప్లేటులో మనిషి ఎల్‌డీహెచ్ ఏ, బీ రకాల మీద కూడా పరీక్షించాలి. రెండువైపులా ఒకేలా ఆపితే ఆ సమ్మేళనాన్ని అక్కడే వదిలేయడం మంచిది.

చివరగా, వాడిన కల్చర్‌ను 121 డిగ్రీల్లో 20 నిమిషాలు ఆటోక్లేవ్ చేసి పారబోయండి. నికెల్ రెజిన్‌ను, దాని మొదటి కడుగును సింక్‌లో పోయకుండా భారలోహాల డబ్బాలో వేయండి.